ఏడో కొడుకు వాటా: జర్మన్ రాజవంశాల వెంట అమ్మతో ఆరు రోజులు

మొదటి రోజు: డ్రెస్డెన్

అమ్మ విశాఖ నుంచి మూడు నెలల వీసా మీద వచ్చి అప్పటికి నెల దాటింది. న్యూరెంబర్గ్‌లో మా ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని ఎన్నాళ్ళని వాన చూస్తుంది? "ఎక్కడికైనా తీసుకెళ్ళరా, నీకు నచ్చిన చోటికే" అంది. నాకు నచ్చిన చోట్లంటే ఈ నాలుగేళ్ళలో నేను కాగితాల మీద గీసుకుంటున్న వంశవృక్షాల ఊళ్ళే. పాత జర్మన్ రాజకుటుంబాల్లో ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరి వాటా ఎవరికి పోయింది అన్నది నాకు పట్టుకున్న పిచ్చి. అమ్మకి అందులో ఏం ఆసక్తి ఉంటుందిలే అనుకున్నాను. చుట్టరికాల లెక్క నాకంటే తనకే బాగా వచ్చని మూడో రోజుకి తెలిసింది.

డ్రెస్డెన్‌లో స్టేషన్ నుంచి నేరుగా రాజుల ఊరేగింపు గోడ దగ్గరికి వెళ్ళాం. కోట పక్క సందులో 102 మీటర్ల పొడవున మైసెన్ పింగాణీ పలకలతో అతికిన బొమ్మ అది, పలకలే దాదాపు 23 వేలు. మొదట 1870ల్లో గోడ మీద రంగులతో వేశారు, అది వెలిసిపోతుంటే 1904-1907 మధ్య పింగాణీలోకి మార్చారు. 1945 ఫిబ్రవరి బాంబు దాడిలో చుట్టూ ఊరంతా కాలిపోయినా ఈ గోడ చాలావరకు నిలిచింది. సాక్సనీని ఎనిమిది వందల ఏళ్ళు ఏలిన వెట్టిన్ వంశంలో 35 మంది పాలకులు వరసగా గుర్రాల మీద వెళుతుంటారు, ఒక్కొక్కరి కింద పేరూ బిరుదూ. ధనికుడు ఒట్టో, గర్విష్ఠి ఆల్బ్రెఖ్ట్, కఠినుడు, సౌమ్యుడు, ఇలా.

అమ్మ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి మళ్ళీ వెనక్కి వచ్చింది. "ఒక్క రాణీ లేదేంట్రా?"

నేను ఈ గోడ చూడటం ఇది నాలుగోసారి. ఆ ప్రశ్న నాకు ఒక్కసారీ రాలేదు. నిజమే, ఒక్క రాణీ లేదు.

కానీ ఒక తల్లి జాడ మాత్రం ఉంది, అది చూపించాను. కొరికించుకున్న ఫ్రెడరిక్ అని ఒకడున్నాడు. వాడి తల్లి మార్గరెట్, జర్మన్ రాజ్యాలన్నిటి పైనా ఉండే పవిత్ర రోమన్ చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ కూతురు. మొగుడు ఆల్బ్రెఖ్ట్ (చరిత్రలో ఇతనికి భ్రష్టుడనే పేరు మిగిలింది) పెట్టిన బాధ పడలేక 1270లో వార్ట్‌బుర్గ్ కోట నుంచి రాత్రికి రాత్రి పారిపోయింది. పోయే ముందు నిద్రపోతున్న కొడుకుని ముద్దుపెట్టుకోబోయి, దుఃఖం ఆపుకోలేక చెంప కొరికిందని కథ. ఆ గాటే వాడి బిరుదయింది. తల్లి బొమ్మ లేదు గానీ తల్లి పంటిగాటు పేరులో నిలిచిపోయింది. అమ్మ చాలాసేపు ఆ గుర్రం దగ్గరే నిలబడింది.

రెండో రోజు: మైసెన్, లైప్‌జిగ్

మైసెన్‌లో ఎక్కువసేపు లేం. ఎల్బే నది పైన గుట్ట మీద ఆల్బ్రెఖ్ట్స్‌బుర్గ్, 1471లో ఎర్నెస్ట్, ఆల్బ్రెఖ్ట్ అనే అన్నదమ్ములు కలిసి ఉండటానికని మొదలుపెట్టిన కోట. కలిసి ఉండటం కుదరలేదు. 1710 నుంచి ఆ కోటలోనే పింగాణీ తయారుచేశారు, అంటే నిన్న చూసిన గోడకి పుట్టిల్లు ఈ ఊరే.

సాయంత్రం లైప్‌జిగ్. ఇక్కడ చూపించడానికి కట్టడమేమీ లేదు, ఒక ఒప్పందమే ఉంది. 1485 నవంబర్ 11న ఆ అన్నదమ్ములిద్దరూ ఇక్కడే రాజ్యం పంచుకున్నారు. అన్న ఎర్నెస్ట్ రెండు వాటాలు వేశాడు, తమ్ముడు ఆల్బ్రెఖ్ట్ కోరుకున్నాడు. ఆ మాట చెప్పగానే అమ్మ "మా తాతల కాలంలో పొలాలు అలాగే పంచుకునేవారు, పెద్దాడు వాటా వేస్తే చిన్నాడు ముందు కోరుకోవాలి, అప్పుడే పెద్దాడు సరిగ్గా వేస్తాడు" అంది.

తమ్ముడు మైసెన్ వైపు కోరుకున్నాడు, అన్నకి విట్టెన్‌బెర్గ్, తురింగియాలో చాలా భాగం, దాంతో పాటు ఎలెక్టర్ హోదా మిగిలాయి. ఎలెక్టర్ అంటే చక్రవర్తిని ఎన్నుకునే ఓటున్న రాజు, దేశం మొత్తం మీద అలాంటివాళ్ళు అప్పుడు ఏడుగురే. అయితే అరవై రెండేళ్ళకి, 1547లో ముల్‌బెర్గ్ యుద్ధంలో అన్న మనవడు యోహాన్ ఫ్రెడరిక్ చక్రవర్తి ఐదో చార్లెస్ చేతిలో ఓడి బందీ అయ్యాడు, ఎలెక్టర్ హోదా తమ్ముడి వంశానికి పోయింది. అప్పటినుంచి డ్రెస్డెన్ తమ్ముడి వాళ్ళది, గోడ మీద చివరి వైపు ఊరేగేది ఆ శాఖే. మేము మిగిలిన నాలుగు రోజులూ వెళ్ళేది ఎక్కువగా ఓడిపోయిన అన్న శాఖ వెంట, ఎర్నెస్టీన్ శాఖ అంటారు. వాళ్ళు ఓడిన తర్వాతే అసలు కథ నడిచిందని నా అభిప్రాయం.

మూడో రోజు: ఆల్టెన్‌బుర్గ్

లైప్‌జిగ్ నుంచి లోకల్ రైల్లో గంటలోపే. పేకముక్కల ఊరు ఇది, స్కాట్ అనే ఆట ఇక్కడే పుట్టింది, కోటలోనే పేకముక్కల మ్యూజియం ఉంది. నేను వచ్చింది మాత్రం 1455 జూలైలో ఒక రాత్రి ఈ కోటలో జరిగిన దాని కోసం.

కుంజ్ ఫాన్ కౌఫుంగెన్ అనే యోధుడు రాజు తరఫున యుద్ధం చేసి శత్రువులకి చిక్కాడు, విడిపించుకోవడానికి 4000 గుల్డెన్లు సొంత డబ్బు కట్టుకున్నాడు. ఆ డబ్బు తిరిగిమ్మంటే రాజు ఇవ్వలేదు. ఎంత తిరిగినా పని కాలేదు. చివరికి రాజు ఊళ్ళో లేని రాత్రి చూసి, తాళ్ళ నిచ్చెన వేసుకుని కోటలోకి ఎక్కి, రాజు కొడుకులిద్దర్నీ ఎత్తుకుపోయాడు. ఎర్నెస్ట్‌కి 14 ఏళ్ళు, ఆల్బ్రెఖ్ట్‌కి 11. నిన్న లైప్‌జిగ్‌లో వాటాలు వేసుకున్న అన్నదమ్ములే.

చిన్నాణ్ణి తనతో తీసుకుపోతున్న కుంజ్ అడవిలో బొగ్గులు కాల్చేవాళ్ళ చేతికి చిక్కాడని, వాళ్ళే పిల్లాణ్ణి కాపాడారని కథ. పెద్దాణ్ణి తీసుకుపోయిన ఇద్దరూ హార్టెన్‌స్టైన్ దగ్గర ఒక గుహలో దాక్కుని, ప్రాణాలకి హామీ దొరికాక అప్పగించారు. కుంజ్ తల వారంలోపే ఫ్రైబెర్గ్‌లో తెగింది.

కోట ఆవరణలో ఆ కిటికీల కింద నిలబడి ఇదంతా చెబుతుంటే అమ్మ అడిగిన ప్రశ్నలు రెండే. తల్లి ఎక్కడుంది? కోటలోనే ఉంది. తల్లి ఎవరి పిల్ల? ఆస్ట్రియా మార్గరెట్, చక్రవర్తి మూడో ఫ్రెడరిక్ చెల్లెలు. "అంటే వీళ్ళకి చక్రవర్తే మేనమామ" అంది అమ్మ వెంటనే. ఆ మాట నేనెప్పుడూ అలా అనుకోలేదు. నేను చదివిన పుస్తకాల్లో ఆవిడ పేరు తండ్రి పేరు పక్కన చిన్న అక్షరాల్లో ఉంటుంది, ముందు పెళ్ళి గుర్తు, అంతే. అంకుల్ అన్న మాటకి, జర్మన్‌లో ఓంకెల్ అన్న మాటకి, బాబాయీ మేనమామా ఒకటే. మనకి ఒకటి కాదు. అప్పటినుంచి నేను చార్టు తీయడం, అమ్మ వరస చెప్పడం, ఇదే పని.

ఆ ఇద్దరు పిల్లల్లో ఒక్కడు ఆ రాత్రి చనిపోయినా యూరప్ రాజవంశాల పట్టిక వేరేగా ఉండేది. పెద్దాడు పోతే బ్రిటన్, బెల్జియం, బల్గేరియా, పోర్చుగల్ సింహాసనాల మీద ఆ తర్వాత కూర్చున్న ఫలానా మనుషులు పుట్టేవాళ్ళు కాదు.

నాలుగో రోజు: గ్రైట్స్, ఎబెర్స్‌డోర్ఫ్

ఈ రోజు కోసం కారు అద్దెకి తీసుకున్నాను, ఎబెర్స్‌డోర్ఫ్‌కి కారుంటేనే సుఖం. దారి పొడవునా అడవులు, పసుప్పచ్చని ఆవ చేలలా కనిపించే రేప్ చేలు. అమ్మ ఆవచేలే అనుకుంది, చుట్టమే అని చెప్పాను.

గ్రైట్స్ వైసే ఎల్‌స్టర్ నది ఒడ్డున ఉన్న చిన్న ఊరు. గుట్ట మీద ఒక కోట, కింద ఒక కోట, తోటలో వేసవి భవనం. ఇది వెట్టిన్‌ల ఊరు కాదు, రోయిస్ వంశానిది. ఈ వంశంలో పుట్టిన ప్రతి మగపిల్లాడి పేరూ హైన్రిష్. ఒక్కడు కూడా తప్పలేదు. పూర్వం తమని ఆదరించిన చక్రవర్తి ఆరో హైన్రిష్ మీద కృతజ్ఞతతో అలా పెట్టుకున్నారంటారు. అందరి పేరూ ఒకటే కాబట్టి అంకెలు. గద్దె ఎక్కినవాడికే కాదు, పుట్టిన ప్రతివాడికీ అంకె, ఉయ్యాల్లో పోయినవాడికి కూడా. గ్రైట్స్‌లోని పెద్ద శాఖ వంద దాకా లెక్కించి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాలన్నది నియమం. గేరా వైపు చిన్న శాఖ కొత్త శతాబ్దం రాగానే ఒకటి నుంచి మొదలుపెట్టేది. అందుకే 1848లో గద్దె దిగిన ఎబెర్స్‌డోర్ఫ్ పాలకుడు 72వ హైన్రిష్. అంటే అంతకుముందు డెబ్భై ఒక్క మంది రాజులు ఏలారని కాదు, చిన్న శాఖ ఇళ్ళన్నిట్లో ఆ శతాబ్దపు లెక్కలో అంతమంది మగపిల్లలు పుట్టారని. నేను మొదట్లో ఇది తెలియక నెల రోజులు తప్పు చార్టు గీశాను.

పెద్ద శాఖ రాజ్యం సుమారు 317 చదరపు కిలోమీటర్లు. 1871 నాటి జర్మన్ సామ్రాజ్యంలో 25 రాష్ట్రాలుంటే అందులో ఇదొకటి, పక్కనే చిన్న శాఖది ఇంకొకటి. ఇక్కడి చివరి పాలకుడు 24వ హైన్రిష్ చిన్నప్పటి ప్రమాదం వల్ల పాలించలేని స్థితిలో ఉంటే, చిన్న శాఖవాళ్ళే రాజప్రతినిధులుగా చూసుకున్నారు. ఆయన పెళ్ళి చేసుకోలేదు, 1927లో పోయాడు, దాంతో పెద్ద శాఖ మగ సంతానం ఆగిపోయింది. కానీ ఆయన చెల్లెలు హెర్మీన్ 1922లో, గద్దె పోయి నెదర్లాండ్స్‌లో ప్రవాసం ఉన్న కైజర్ రెండో విల్హెల్మ్‌ని పెళ్ళిచేసుకుంది. "వంశం ఆగిపోయింది" అని పుస్తకాల్లో రాసే మాట మగవాళ్ళ లెక్కలో రాసిన మాట.

మధ్యాహ్నం ఎబెర్స్‌డోర్ఫ్. నిశ్శబ్దంగా ఉన్న పార్కు, స్తంభాల ముఖద్వారంతో కోట. ఎక్కువమంది రారు ఇక్కడికి. నేను రావాలనుకున్నది మాత్రం ముఖ్యంగా ఇక్కడికే. 1757లో ఇక్కడ 24వ హైన్రిష్‌కి (ఇది చిన్న శాఖ 24, గ్రైట్స్ ఆయన కాదు) అగస్టా అనే కూతురు పుట్టింది. 1777లో కోబుర్గ్ వారసుడు ఫ్రాంజ్ ఫ్రెడరిక్ ఆంటన్‌కి రెండో భార్యగా వెళ్ళింది, మొదటి భార్య పెళ్ళైన ఏడాదే చనిపోయింది. కోబుర్గ్ అప్పుడు అప్పుల్లో మునిగిన బుల్లి రాజ్యం. పిల్లలకి పెద్ద సంబంధాలు చేయడం ఒక్కటే మిగిలిన దారి. 1795లో రష్యా మహారాణి కేథరిన్ తన మనవడు కాన్‌స్టాంటిన్‌కి పిల్లని చూడటానికి పిలిస్తే, అగస్టా ముగ్గురు కూతుళ్ళని బండిలో ఎక్కించుకుని పీటర్స్‌బర్గ్ వెళ్ళింది. చిన్నది యూలియానె నచ్చింది. దాని వయసు అప్పటికి 14. ఆ పిల్ల అక్కడ సుఖపడలేదు, 1801లో రష్యా వదిలేసి వచ్చేసింది. కానీ ఆ సంబంధంతోనే కోబుర్గ్ పేరు పెద్ద దర్బారుల్లో వినపడటం మొదలైంది. చిన్న వయసు పిల్లని పెట్టి ఇల్లు నిలబెట్టుకున్నారని నాకు ఈ కథ చదివినప్పుడల్లా కష్టంగానే ఉంటుంది.

ఐదో రోజు: గోథా

వంశవృక్షాల మీద ఇష్టమున్నవాళ్ళకి గోథా అంటే ఊరి పేరు కంటే ముందు పుస్తకం పేరు. 1763 నుంచి ఏటా ఇక్కడ అచ్చయిన అల్మనాక్, అరచేతిలో పట్టేంత పుస్తకం, యూరప్ రాజకుటుంబాల్లో పుట్టుకలూ పెళ్ళిళ్ళూ చావులూ అందులోకి ఎక్కేవి. 1785 నుంచి యుస్టుస్ పెర్టెస్ సంస్థ అచ్చువేసింది, 1944 సంచికతో ఆగిపోయింది. ఎవరి పేరు ఏ భాగంలో ఉందన్నదే ప్రాణం. మొదటి భాగంలో ఏలుతున్న, ఒకప్పుడు ఏలిన వంశాలు. రెండో భాగంలో 1806లో పవిత్ర రోమన్ సామ్రాజ్యం కూలిన రోజుల్లో రాజ్యం పోయినా హోదా మిగుల్చుకున్నవాళ్ళు, వీళ్ళకి మొదటి భాగంవాళ్ళతో పెళ్ళిళ్ళకి సమాన హోదా ఉంది. మూడో భాగంలో బిరుదే తప్ప ఎప్పుడూ రాజ్యం ఏలనివాళ్ళు. సమాన హోదా లేని పిల్లని చేసుకుంటే పుట్టిన పిల్లలకి తండ్రి బిరుదు రాదు, గద్దె రాదు. హెస్ రాకుమారుడు అలెగ్జాండర్ 1851లో యూలియా హౌకె అనే ఆవిణ్ణి అలాగే ప్రేమించి చేసుకున్నాడు. పిల్లలకి హెస్ పేరు దక్కలేదు, బాటెన్‌బెర్గ్ అని ఒక చిన్న ఊరి పేరిచ్చారు. 1917లో ఆ పేరే ఇంగ్లీషులోకి మారి మౌంట్‌బాటెన్ అయింది. మన చివరి వైస్రాయ్ ఇంటిపేరు అలా పుట్టింది.

ఫ్రీడెన్‌స్టైన్ కోట ఊరి మీద పెద్ద తెల్లని పెట్టెలా ఉంటుంది. ముప్ఫై ఏళ్ళ యుద్ధం ఇంకా ముగియకుండానే 1643లో కట్టడం మొదలుపెట్టి, దానికి శాంతిశిల అని పేరు పెట్టాడు లైప్‌జిగ్ అన్న శాఖలోనే తర్వాత పుట్టిన భక్తుడు ఎర్నెస్ట్. పల్లెటూరి పిల్లలందరికీ చదువు తప్పనిసరి చేసిన పాలకుడు, నాకు ఈ పట్టికలన్నిట్లో ఎక్కువ గౌరవం ఉన్న మనిషి. కానీ 1675లో ఆయన పోయేసరికి ఏడుగురు కొడుకులు. ఇంట్లో పెద్దవాడికే అన్న నియమం అప్పటికి లేదు. 1680లో ఏడుగురూ ఏడు ముక్కలు చేసుకున్నారు: గోథా, కోబుర్గ్, మైనింగెన్, ర్యోమ్‌హిల్డ్, ఐజెన్‌బెర్గ్, హిల్డ్‌బుర్గ్‌హౌసెన్, జాల్‌ఫెల్డ్. అందరికంటే చిన్నవాడు యోహాన్ ఎర్నెస్ట్, జాల్‌ఫెల్డ్ వాటా. మూడు శాఖలు ముప్ఫై ఏళ్ళలోనే మగపిల్లలు లేక ఆగిపోయాయి, 1825లో గోథా కూడా. ఆ ఏడో కొడుకు శాఖకి ముందు కోబుర్గ్ కలిసింది, 1826లో సర్దుబాటు జరిగి జాల్‌ఫెల్డ్‌ని వదులుకుని గోథా వచ్చింది. సాక్స్-కోబుర్గ్-గోథా అన్న పేరు అలా ఏర్పడింది.

ఆరో రోజు: కోబుర్గ్, రోజెనావ్

ఎర్ఫర్ట్ మీదుగా రైలు. కోబుర్గ్ మార్కెట్లో దిగగానే వాసన, సాసేజీలు పైన్ కాయల నిప్పు మీద కాలుస్తారు ఇక్కడ. అమ్మ శాకాహారి, రొట్టె, జున్ను తిన్నాం. మార్కెట్ మధ్యలో ఆల్బర్ట్ విగ్రహం, 1865లో ఆయన భార్య, బ్రిటన్ మహారాణి విక్టోరియా స్వయంగా వచ్చి ఆవిష్కరించింది.

మోరిట్స్ చర్చిలో ఎత్తైన తెల్లరాయి సమాధి చిహ్నం ఒకటుంది. 1547లో ఓడినవాడి కొడుకు, చక్రవర్తి చెరలోనే 28 ఏళ్ళు ఉండి చనిపోయిన రెండో యోహాన్ ఫ్రెడరిక్ కోసం ఆయన కొడుకు కట్టించింది. ఎహ్రెన్‌బుర్గ్ కోటలో పైకప్పుని మోస్తున్నట్టు నిలబడ్డ 28 రాక్షస విగ్రహాల హాలు అమ్మకి బాగా నచ్చింది.

ఒక విషయం ఇక్కడ దాటేయకూడదు. ఇక్కడి చివరి డ్యూక్ కార్ల్ ఎడ్వర్డ్ విక్టోరియా మనవడు, ఇంగ్లండ్‌లో పుట్టినవాడు. 1918లో గద్దె దిగి తర్వాత నాజీలతో నడిచాడు, వాళ్ళ కాలంలో జర్మన్ రెడ్ క్రాస్ అధ్యక్షుడిగా ఉన్నాడు. నగర సభలో నాజీలకి మెజారిటీ వచ్చిన మొదటి జర్మన్ పట్టణం కూడా కోబుర్గే, 1929లో. వంశవృక్షం గీసేవాళ్ళు ఇలాంటివి పక్కన పెట్టి పెళ్ళి తేదీలు మాత్రమే రాయడం నాకు నచ్చదు. ఇక బిరుదుల సంగతి, 1919 వైమార్ రాజ్యాంగం 109వ అధికరణం వాటిని ఇంటిపేరులో భాగం చేసేసింది. ఇప్పుడు ఎవరి పేరులోనైనా ప్రింట్స్ (రాకుమారుడు) అని ఉంటే అది ఇంటిపేరు.

మధ్యాహ్నం రోజెనావ్. ఊరి బయట రోడెన్‌టాల్ దగ్గర పార్కులో పసుప్పచ్చని చిన్న కోట. 1819 ఆగస్టు 26న ఆల్బర్ట్ ఇక్కడ పుట్టాడు. అదే ఏడాది మే నెలలో లండన్‌లో విక్టోరియా పుట్టినప్పుడు పురుడు పోసిన వైద్యురాలు షార్లొటె ఫాన్ జీబోల్డ్ ఇక్కడా పురుడు పోసింది. తల్లి లూయిజె, గోథా వంశం పిల్ల. ఆల్బర్ట్‌కి ఐదేళ్ళప్పుడు మొగుడు ఆవిణ్ణి ఇంట్లోంచి పంపించేశాడు. ఆవిడ పిల్లల్ని మళ్ళీ చూడలేదు, 30 ఏళ్ళకే పారిస్‌లో పోయింది. మొగుడు మాత్రం గోథా సంపాదించుకున్నాడు.

బెంచీ మీద కూర్చుని నా చార్టు విప్పాను. కెకూలె పద్ధతిలో గీసింది: మనిషికి 1, తండ్రికి 2, తల్లికి 3, ఆపైన ఎవరి తండ్రికైనా వాళ్ళ అంకెకి రెట్టింపు, తల్లికి దానిమీద ఇంకొకటి. అంటే మొదటి మనిషిని వదిలేస్తే బేసి అంకెలన్నీ ఆడవాళ్ళవి. 1 దగ్గర బ్రిటన్ రాజు ఏడో ఎడ్వర్డ్, 2 ఆల్బర్ట్, 3 విక్టోరియా. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని బేసి అంకెలు ఒక్కొక్కటీ వేలుతో చూస్తూ పోయింది. 9 దగ్గర ఎబెర్స్‌డోర్ఫ్ అగస్టా. 15 దగ్గర మళ్ళీ అగస్టా.

"అదే మనిషా?"

అదే మనిషి. ఆల్బర్ట్ తండ్రికీ విక్టోరియా తల్లికీ ఆవిడే తల్లి.

"అంటే విక్టోరియా చేసుకుంది మేనమామ కొడుకుని. మేనరికం! నువ్వు ఇన్నేళ్ళనుంచి కజిన్ కజిన్ అంటున్నావు" అంది అమ్మ. ఆ సంబంధం కుదిర్చింది కూడా ఇంకో మేనమామే, బెల్జియం మొదటి రాజు లియోపోల్డ్, అగస్టా చిన్న కొడుకు. ఇంకో కొడుకు ఫెర్డినాండ్ హంగరీలో కోహారి ఆస్తికి వారసురాలిని చేసుకుంటే అతని కొడుకు పోర్చుగల్ రాజయ్యాడు, మనవడు బల్గేరియా పాలకుడయ్యాడు. ఏడో కొడుకు వాటాకి వచ్చిన బుల్లి రాజ్యం ఇంత దూరం పాకింది ఆ ఒక్క తల్లి పిల్లల పెళ్ళిళ్ళ వల్ల. ఎడ్వర్డ్ కొడుకు ఐదో జార్జ్ 1917 జూలైలో జర్మన్ పేరు వదిలేసి విండ్సర్ అని పెట్టుకునేదాకా లండన్‌లో నడిచింది కోబుర్గ్ వంశమే. ఆ జార్జ్ పేరు మీద విశాఖలో 1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రిలోనే అమ్మ నన్ను కన్నది.

రైల్లో తిరిగి వస్తూ చార్టు ఇంకా అమ్మ ఒళ్ళోనే ఉంది. "ఈ అగస్టా తల్లి ఎవర్రా?" అనడిగింది. కరొలీనె ఎర్నెస్టీనె, ఎర్బాఖ్-షోన్‌బెర్గ్ ప్రభువు ఇంటి పిల్ల. ఆ ఇల్లు హెస్‌లో, ఓడెన్‌వాల్డ్ కొండల వైపు. తర్వాతి కాలంలో ఆ ఇంటికి కోడలిగా వెళ్ళిన ఒకావిడ బాటెన్‌బెర్గ్ మారీ, 1871లో పెళ్ళి. ఆవిడ తమ్ముడి కొడుకే వైస్రాయ్ మౌంట్‌బాటెన్.

"మేనత్త అన్నమాట" అంది అమ్మ, నా చేతిలో పెన్ను తీసుకుని 19వ గడి పక్కన తెలుగులో రాసుకుంటూ. వీసాకి ఇంకా ఐదు వారాలుంది. ఎర్బాఖ్‌కి రైళ్ళు చూస్తున్నాను.